పర్లాకిమిడి పొలంలో నా వాటా

నాన్న వీలునామా రాయకుండానే పోయారు. ఏడాది తిరిగేసరికి ఒడిశాలోని పర్లాకిమిడి దగ్గరి పొలం పట్టాలో అన్నయ్యలిద్దరి పేర్లే ఉన్నాయి. పట్టా ఒడియాలో ఉంటుంది కదా, ఒడిశా భూరికార్డుల వెబ్‌సైట్ భూలేఖ్‌లో చూసి ఈ సంగతి చెప్పింది మా మేనకోడలే!

"పెళ్ళప్పుడు ఇచ్చాంగా" అన్నాడు పెద్దన్నయ్య. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం నాన్న స్వార్జితంలో అమ్మకీ, మా ముగ్గురికీ తలా పావు. మ్యుటేషన్‌లో (రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పు) పేరెక్కినంత మాత్రాన హక్కు వచ్చేయదని వకీలు చెప్పాకే నా టెన్షన్ తగ్గింది. దావా నోటీసు చూసి చిన్నన్నయ్య దిగొచ్చాడు, తర్వాత పెద్దాయన కూడా. అందరూ ఒప్పుకుంటే ఒడిశా భూసంస్కరణల చట్టం 19(1)(సి) కింద తహసీల్దారు దగ్గరే పంపకం అవుతుంది. వారసుల సర్టిఫికెట్ పెట్టి అలాగే చేయించాం. నాకు బోరు లేని ముక్క వచ్చింది. పోనీలెండి, పట్టాలో పేరైతే ఎక్కింది.