“డబ్బు కట్టాను” అనే మాటను ఇంగ్లీషులో ఎలా రాయాలి?

శ్రీకాకుళంలో ఏ బ్యాంకు కౌంటరు దగ్గర నిలబడినా “కట్టడం” అనే మాట వినిపిస్తుంది. పొదుపు ఖాతాలో డబ్బు కడతాం, కరెంటు బిల్లు కడతాం, పంట రుణమూ కడతాం. ఇంగ్లీషులో మాత్రం వీటికి మూడు వేర్వేరు క్రియలున్నాయి. సొమ్ము మనదిగానే ఉండి బ్యాంకులో చేరితే “డిపాజిట్” అనాలి, సరుకుకో సేవకో వెలగా ఇచ్చేస్తే “పే” అనాలి, తీసుకున్న అప్పును తిరిగి చెల్లిస్తే “రీపే” అనాలి. అసలును “రీపే” చేస్తాం. వడ్డీ మనం పుచ్చుకున్న సొమ్ము కాదు కనుక దానికి “పే” సరిపోతుంది.

అప్పు విషయంలో పొరపాటు మరీ ఎక్కువ. డ్వాక్రా సంఘాల కోసం రాసిన ఉత్తరాల్లో “ది బ్యాంక్ బారోడ్ అస్ వన్ లాక్ రుపీస్” అన్న వాక్యాన్ని నేను ఎన్నోసార్లు దిద్దాను. “బారో” అంటే పుచ్చుకోవడం, “లెండ్” అంటే ఇవ్వడం. కాబట్టి వాక్యం బ్యాంకుతో మొదలైతే “ది బ్యాంక్ లెంట్ అస్ వన్ లాక్ రుపీస్” అనీ, సంఘంతో మొదలైతే “వి బారోడ్ వన్ లాక్ రుపీస్ ఫ్రమ్ ది బ్యాంక్” అనీ రాయాలి. “లెండెడ్” అనే రూపం లేదు.

ఉద్దానం నుంచి వలస వెళ్లినవారు ఇంటికి డబ్బు పంపడానికి “సెండ్” చాలు; ఖాతా నుంచి ఖాతాకు మార్చితే “ట్రాన్స్‌ఫర్” అనవచ్చు; “రిమిట్” కార్యాలయాల భాష.

ఉపాధి హామీ కూలి “పడింది” అంటే ఖాతాకు “క్రెడిట్” అయిందని అర్థం. దానికి ఎదురుమాట “డెబిట్”. అయితే “డెబిట్”, “విత్‌డ్రా” ఒకటి కావు, ఈ తేడా తెలియకపోతే నష్టపోయే ప్రమాదముంది. మన డబ్బు మనమే తీసుకుంటే “విత్‌డ్రా”. రుసుము వల్ల గానీ, వాయిదా వల్ల గానీ, మోసం వల్ల గానీ ఖాతాలో సొమ్ము ఏ విధంగా తగ్గినా అది “డెబిట్”. తెలియని డెబిట్ గురించి ఫిర్యాదు రాస్తూ “ఐ విత్‌డ్రూ” అంటే ఆ డబ్బు మనమే తీసుకున్నామని ఒప్పుకున్నట్టవుతుంది. “ఫైవ్ థౌజండ్ రుపీస్ వాజ్ డెబిటెడ్ ఫ్రమ్ మై అకౌంట్. ఐ డిడ్ నాట్ విత్‌డ్రా ఇట్” అని స్పష్టంగా రాసి, ఆ రోజే బ్యాంకుకు ఇచ్చి, రసీదు తీసుకోవాలి. బ్యాంకు లోపం గానీ ఖాతాదారు లోపం గానీ లేని ఎలక్ట్రానిక్ మోసాన్ని, సమాచారం అందిన 3 పని దినాల్లోగా తెలియజేస్తే ఆ నష్టాన్ని ఖాతాదారు భరించనక్కర్లేదని 2017లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది.