పేషెంటును అడగడం ఎలా? 4వ పాఠం: "ఆఁ" అన్నారు కదా అని సంతకం పెట్టించకండి

ఈ వారం ఆపరేషన్ గురించి రాద్దామనుకున్నాను, పక్కన పెడుతున్నాను. బ్రెయిన్ ట్యూమర్ (మెదడులో గడ్డ) ఉన్న మీ ఇంటి మనిషికి వైద్యం గురించి చెప్పి, ఆయన మాట అడగమని పోయినసారి ఇచ్చిన పని చేసినవాళ్లలో చాలామంది ఒకే చోట బోల్తా పడ్డారు. అన్నీ ఓపిగ్గా చెప్పారు, చివర్లో "అర్థమైందా నాన్నా?" అని అడిగారు, ఆయన "ఆఁ" అన్నారు, మర్నాడు రేడియేషన్‌కి బయల్దేరదీస్తే "ఎక్కడికిరా?" అన్నారు.

"అర్థమైందా" అనే మాట ఈ రోజు నుంచి మానేయండి. ఆ ప్రశ్నకు "కాలేదు" అనడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు లేదు, బళ్లో మాస్టారు అడిగినా బ్యాంకులో ఆఫీసరు అడిగినా తలూపేసి వస్తాం. బ్రెయిన్ ట్యూమర్ ఉన్న మనిషి దగ్గర ఇది ఇంకా ప్రమాదం. గడ్డ ఎడమవైపు మాటలకు సంబంధించిన చోట ఉంటే అవును, కాదు తారుమారుగా రావచ్చు, మనసులో కాదనుకుంటూ పైకి అవునంటారు. మెదడు ముందు భాగంలో ఉంటే ఏదడిగినా "నీ ఇష్టం" అంటారు. అది మీ మీద నమ్మకంతో అన్నదో, చొరవను జబ్బు లాగేసుకోవడం వల్ల వచ్చిందో ఆ ఒక్క మాటతో చెప్పలేం. కుడివైపు గడ్డల్లో కొన్నిటికి మాట శుభ్రంగానే ఉంటుంది, కానీ ఎడమవైపు ఏముందో ఆ మనిషి గమనించరు. నన్ను ముంచింది ఇదే.

మా పెదనాన్నది గ్లయోబ్లాస్టోమా, అంటే మెదడులో వేగంగా పెరిగే క్యాన్సర్ గడ్డ. దానికి మామూలుగా రేడియేషన్ 30 సిట్టింగులు, 60 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత), ఆరు వారాలు. 65 దాటినవాళ్లకు 15 సిట్టింగుల్లో, 40 గ్రేతో, మూడు వారాల్లో ముగించే పద్ధతీ ఉంది. ఆయనకు రెండూ కుదురుతాయని డాక్టరు చెప్పారు కాబట్టి నేను పలక తీసుకుని ఎడమవైపు "ఆరు", కుడివైపు "మూడు" అని రాసి చూపించాను. మూడు మీద వేలు పెట్టారు. అందరం హమ్మయ్య అనుకున్నాం. మర్నాడు పొద్దున కంచంలో కుడివైపు ఇడ్లీ తినేసి, ఎడమవైపుది అలాగే ఉంచి, "ఇంకోటి పెట్టవే" అన్నారు. నేను కంచం తిప్పాను. రెండో ఇడ్లీ అప్పుడు కనిపించింది ఆయనకు. స్పీచ్ థెరపీయే నా ఉద్యోగం, అయినా ముందురోజు పలక మీద ఆయన చూసింది ఒక్క "మూడే" అని నాకు తట్టలేదు.

మళ్లీ రాశాను, ఈసారి కుడివైపుకి జరిపి, ఒకదాని కింద ఒకటి. చాలాసేపు చూశారు. "ఆరు వారాలంటే ఎక్కడుంటాం?" అన్నారు. అది ఆయన అడిగిన మొదటి ప్రశ్న. చివరికి మళ్లీ మూడే అన్నారు, కానీ ఈసారి మామిడి కాపుకి తోటలో ఉండాలన్నారు. నేను ఒప్పుకున్నది ఆ రెండో "మూడు"ని.

పలక మీదైతే చెరిపి, చోటు మార్చి మళ్లీ రాయొచ్చు, అందుకే నాకు ఫోన్లో బొమ్మలు చూపించి అడగడంకంటే పలకే ఇష్టం. ఎప్పుడూ రెండే దారులు, పైనా కిందా.

మరి "అర్థమైందా"కి బదులు ఏమడగాలి? "సాయంత్రం అత్త ఫోన్ చేస్తే, ఏం చేయించుకోబోతున్నావని చెప్తావు?" అనండి. మీలో ఒకరు ఇలా అడిగితే వాళ్లాయన "కరెంటు పెడతారంట" అన్నారట. మన దగ్గర రేడియేషన్‌ని అలాగే అంటారు కదా అని ఊరుకోకుండా, కరెంటంటే ఏమిటని ఆవిడ అడిగింది. షాక్ ఇస్తారనుకుని నాలుగు రోజులుగా నిద్రపోలేదాయన. కదలకుండా ముఖానికి మాస్కు బిగిస్తారు, కిరణాలు పడేటప్పుడు ఎక్స్‌రేకి లాగే నొప్పేమీ తెలియదు అని చెప్పాక, అప్పుడు మొదలైంది అసలు మాట.

మాట తడబడేవాళ్లను "వద్దా?" అని అడగకండి, దానికి "ఆఁ" అంటే ఎటైనా తిప్పుకోవచ్చు. "ఇంటికెళ్దామా?" అని ఒకసారి, కాసేపాగి "ఇక్కడే ఉందామా?" అని ఒకసారి. రెండిటికీ "ఆఁ" వస్తే ఆ రోజుకి ఏదీ లెక్కలోకి రాదు.

ఫిట్స్ వచ్చిన రోజు అడగకూడదని మీకు తెలుసు. మెదడులో వాపు తగ్గడానికి డెక్సామెథాసోన్ అనే మందు మొదలుపెట్టాక రెండు మూడు రోజుల్లో చాలామందికి మాట, తెలివి తేటపడతాయి, ఆగగలిగే నిర్ణయమైతే అప్పటిదాకా ఆగండి. వేళ విషయంలో నాది పొద్దున కాఫీ తర్వాతే, రాత్రి ఎప్పుడూ అడగను.

"కొడుకు సంతకం పెడితే సరిపోదా?" అని ముగ్గురు అడిగారు. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు తేల్చింది: పేషెంటు మేజరై, నిర్ణయించుకోగలిగిన స్థితిలో ఉండి, ప్రాణం మీదికి రానప్పుడు ఒప్పుకోవలసింది ఆ మనిషే. ఆ కేసులో, కూతురు మత్తులో ఉండగా తల్లి దగ్గర తీసుకున్న సమ్మతి చెల్లలేదు.

ఈ వారం పని: ఒకే నిర్ణయం మూడు రోజులు, మూడు రకాలుగా అడగండి (పలక, ఫోన్ ప్రశ్న, జంట ప్రశ్న). ఆయన అన్నమాట అన్నట్టే తేదీ వేసి రాయండి, మీ మాటల్లోకి మార్చొద్దు. మూడూ కలవకపోతే కాగితం డాక్టరుకి చూపించండి, సంతకం అప్పుడే వద్దు.