నల్లటి విరేచనాన్ని ఐరన్ మాత్రల మీదికి నెట్టేయకండి

పోయిన వారం డయాలసిస్‌కి వచ్చిన ఒక పెద్దాయన మంచం ఎక్కకముందే కళ్లు తిరిగి కూలబడ్డారు. నెల కిందట 9.4 ఉన్న హిమోగ్లోబిన్ ఆ రోజు 5.8. నాలుగు రోజులుగా విరేచనం నల్లగా అవుతోందట. "ఐరన్ వల్లేమో అనుకున్నామమ్మా" అన్నారు వాళ్లావిడ. ఆయన అసలు ఐరన్ మాత్రలే వేసుకోవడం లేదు. మేం నరంలోకి ఇంజెక్షన్‌గా ఇస్తున్నాం, దానివల్ల విరేచనం నల్లబడదు. మోకాలి నొప్పికి మూడు వారాలుగా డైక్లోఫెనాక్ మింగుతున్నారని తర్వాత తెలిసింది.

కిడ్నీ జబ్బులో రక్తం తగ్గే మాట నిజమే. రక్తకణాలు తయారవడానికి కావలసిన ఎరిత్రోపోయిటిన్ ఎక్కువగా కిడ్నీల నుంచే రావాలి. కానీ ఆ తగ్గుదల మెల్లగా, నెలల తరబడి సాగుతుంది. రెండు మూడు వారాల్లో హిమోగ్లోబిన్ 2 గ్రాములు పడిపోతే "కిడ్నీ పేషెంటుకి మామూలే" అనుకోవద్దు, రక్తం ఎక్కడో పోతోందేమో చూడాలి. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్ల లెక్క బాగానే ఉన్నా ఈ జబ్బులో అవి సరిగా పనిచేయవు. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ కూడా ఇస్తారు. పేగులో చిన్న పుండు ఉన్నా చాలు, కారుతూనే ఉంటుంది.

ఐరన్ మాత్రలతో వచ్చే నలుపులో కాస్త పచ్చదనం ఉంటుంది, విరేచనం గట్టిగానే అవుతుంది. రక్తం కలిస్తే తారులా జిగటగా మెరుస్తుంది, నీళ్లు పోసినా అంటుకునే ఉంటుంది, వాసన భరించలేం. అయినా ఇంట్లో తేల్చుకోవద్దు. ఐరన్ వల్లే అని మీరు చెప్పొద్దు, డాక్టర్‌ని చెప్పనివ్వండి.

ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. కడుపులో పుండు చేస్తాయి, కిడ్నీల్లో మిగిలి ఉన్న కాస్త పనితనాన్నీ దెబ్బతీస్తాయి.

రక్తం గడ్డకట్టకుండా వేసుకునే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మీ అంతట మీరు ఆపొద్దు. గుండె రక్తనాళంలో స్టెంట్ ఉంటే అది మూసుకుపోవచ్చు. ఆపాలో వద్దో డాక్టర్‌ని అడగండి, అదీ నల్లటి విరేచనం కనబడిన రోజే అడగండి.

ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ డోసు పెంచినా హిమోగ్లోబిన్ లేవకపోతే, రక్తం పోతోందేమోనని అడగండి.

చూడకుండా ఫ్లష్ కొట్టొద్దు.

నల్లటి విరేచనం అయితే మెషీన్‌కి కలపకముందే చెప్పండి. హెపారిన్ లేకుండా చేసే వీలుంది.

తారులాంటి విరేచనమైనా, కాఫీ పొడిలాంటి వాంతి అయినా, రక్తం కనబడినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి, అర్ధరాత్రయినా సరే. మళ్లీ డయాలసిస్ రోజు వచ్చేదాకా ఆగొద్దు. వేసుకున్న మందుల అట్టలన్నీ సంచిలో పెట్టి తీసుకెళ్లండి, నొప్పి మాత్రల అట్టతో సహా.