తుప్పుపట్టి బిగుసుకుపోయిన బ్రేకు పైపు నట్టు విప్పడం ఎలా?

మాది విశాఖ. సముద్రపు గాలికి ఇక్కడ పాత కార్ల అడుగున ముందుగా పాడయ్యేవి బ్రేకు పైపులే. మా ఇంట్లో ఒక పాత మారుతి 800 ఉంది. వెనక చక్రం సిలిండర్ (బ్రేకు షూలను డ్రమ్ముకి నొక్కే భాగం) కారుతోందని ఒకసారి బయట మార్చడానికి ఇస్తే, మామూలు స్పానర్ వేసి నట్టు మూలలన్నీ అరగదీశారు. పైపు కూడా మెలి తిరిగిపోయింది. అప్పటి నుంచి ఆ పని నేనే చేసుకుంటున్నాను. ఇక్కడ చెప్పేది వెనక చక్రం దగ్గర నట్టు గురించే, కానీ ఆయిల్‌తో పనిచేసే క్లచ్ ఉన్న బండ్లలో క్లచ్ పైపు నట్టుకూ ఇదే పద్ధతి.

ముందు ఒక విషయం తెలియాలి. ఈ నట్టు రెండు చోట్ల పట్టేస్తుంది. ఒకటి, సిలిండర్‌లోకి దిగిన మరల దగ్గర. రెండోది, నట్టు లోపలి నుంచి పైపు దూరే సన్నటి సందులో. అందరూ మొదటి దాని గురించే ఆలోచిస్తారు. పైపు ప్రాణం తీసేది రెండోదే. మరలు వదిలినా నట్టు పైపుని అంటిపెట్టుకుని ఉంటే, తిప్పిన కొద్దీ పైపు కూడా తిరిగి మెలిపడుతుంది.

1. పైపు ఉంచాలా, తీసేయాలా తేల్చుకోండి. నట్టు వెనక పైపుని వైర్ బ్రష్‌తో రుద్దండి. పైపైన ఎర్రగా ఉండి కింద నున్నగా తేలితే కాపాడుకోవచ్చు. గుంటలు కనిపిస్తే దాని మీద ఆశ వదులుకోండి, కొత్త పైపు తెచ్చి పెట్టుకున్నాకే పని మొదలుపెట్టండి. మామూలు రాగి పైపు మాత్రం వద్దు. అదురుకి అది గట్టిపడి చీలుతుంది.

2. బండిని కదలకుండా చేయండి. హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలనే కాబట్టి, వెనక పైకి లేపాక దాన్ని నమ్ముకోకూడదు. గేరులో పెట్టి, ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లో దిమ్మలో పెట్టండి. జాకీ ఒక్కదాని మీద ఉన్న బండి కిందికి ఎప్పుడూ దూరకండి, స్టాండు తప్పనిసరి. కళ్లద్దాలు పెట్టుకోండి. డ్రమ్ము తీస్తే లోపలి పొడిని నోటితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. పాత బ్రేకు షూలలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది.

3. ముందురోజు రాత్రే నానబెట్టండి. తుప్పు వదిలించే స్ప్రే నట్టుకి రెండు వైపులా కొట్టాలి: సిలిండర్‌ని తాకే చోట, పైపు బయటికొచ్చే చోట. పడుకునే ముందు ఇంకోసారి, పొద్దున లేవగానే ఇంకోసారి. మధ్యలో నట్టుని చిన్న సుత్తితో చుట్టూ టక్ టక్ మని తడితే నూనె సందుల్లోకి దిగుతుంది. పైపు మీద మాత్రం కొట్టొద్దు.

4. సరైన స్పానరే వాడండి. మారుతిలో ఈ నట్టు 10 మి.మీ. దీనికి ఫ్లేర్ నట్ స్పానర్ అని వేరుగా ఉంటుంది. చూడటానికి రింగు స్పానర్‌లాగే ఉంటుంది, పైపు దూరడానికి ఒక పక్క కోత ఉంటుంది. మామూలు ఓపెన్ స్పానర్ రెండు వైపులే పడుతుంది, ఇది దాదాపు చుట్టూ పట్టుకుంటుంది. ఈ పని మొత్తంలో డబ్బు పెట్టాల్సింది దీని మీదే.

5. గీత గీసి తిప్పండి. నట్టు మీద నుంచి పైపు మీదికి మార్కరుతో ఒక తిన్నని గీత గీయండి. స్పానర్ వేసి ముందు కొంచెం బిగించే వైపు, తర్వాత విప్పే వైపు, అరచేత్తో చిన్నగా దెబ్బ వేయండి. బలంగా గుంజడం కంటే చిన్న దెబ్బే తుప్పుని విడగొడుతుంది. నట్టు కదిలిందా? గీత చూడండి. నట్టు మీది గీత పక్కకు జరిగి పైపు మీది గీత అక్కడే ఉంటే గెలిచినట్టే. రెండూ కలిసి కదిలితే వెంటనే ఆపండి. కదిలినంత వెనక్కి తిప్పి, పైపు సందులో మళ్లీ స్ప్రే కొట్టి, అటూ ఇటూ కొద్దికొద్దిగా ఊపుతూ ఉండండి. నాకు ఒకసారి దీనికే నలభై నిమిషాలు పట్టింది, పైపు మాత్రం దక్కింది.

మంటతో వేడి చేస్తే త్వరగా వస్తుందని చాలామంది అంటారు. వెనక చక్రం దగ్గర నేను ఒప్పుకోను. పెట్రోలు ట్యాంకు దగ్గరే ఉంటుంది, బ్రేక్ ఆయిల్ కూడా మండేదే. కొన్ని రకాల బ్రేక్ క్లీనర్లు వేడికి విషవాయువు అవుతాయి.

6. నట్టు రౌండ్ అయిపోతే, లేదా పైపు ఎలాగూ మార్చేదైతే, పైపుని నట్టు దగ్గరే కోసేయండి. అప్పుడు ఆరు మూలల డీప్ సాకెట్ నట్టు మీద నిండుగా కూర్చుంటుంది. చాలాసార్లు ఇదే దారి. సాకెట్టూ జారితే గ్రిప్ ప్లయర్ బిగించి తిప్పండి.

7. ఆయిల్ కారకుండా చూసుకోండి. పైపు ఊడదీసే ముందు (కోసేదైతే కోసే ముందే) బ్రేకు పెడల్‌ని ఒక అంగుళం పైగా నొక్కి, సీటుకీ దానికీ మధ్య కర్ర అడ్డం పెట్టండి. మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ తొక్కితే ఆయిల్‌ని పైపుల్లోకి నెట్టే భాగం) డబ్బా నుంచి ఆయిల్ దిగే రంధ్రం మూసుకుని, కారడం ఆగుతుంది. బ్రేకు లైటు వెలుగుతూనే ఉంటుంది కాబట్టి బ్యాటరీ తీగ తీసేయండి. చిందిన ఆయిల్‌ని వెంటనే నీళ్లతో కడగండి, లేకపోతే పెయింటు లేచిపోతుంది.

8. తిరిగి బిగించేటప్పుడు మొదటి మూడు చుట్లు చేత్తోనే తిప్పండి, స్పానర్ తర్వాత. స్ప్రే నూనె ఒక్క చుక్క కూడా లోపల మిగలకూడదు. ఆ నూనెకి లోపలి రబ్బరు ఉబ్బిపోతుంది. నట్టు వెనక పైపు బయటి భాగానికి కొంచెం గ్రీజు రాస్తే వచ్చేసారి ఈ కష్టం ఉండదు. పెడల్ దగ్గర కర్ర తీసేసి, కొత్త బ్రేక్ ఆయిల్ పోసి, పైపుల్లో చేరిన గాలి పూర్తిగా తీయండి.

బ్యాటరీ తీగ తగిలించి, గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి ఇంజను ఆన్ చేసి, పెడల్‌ని ఒక నిమిషం గట్టిగా తొక్కి పట్టుకోమని ఇంట్లో ఎవరికైనా చెప్పి, మీరు నట్టు చుట్టూ పొడి కాగితం తిప్పి చూడండి. తడి తగిలితే బండి కదపొద్దు. పొడిగా ఉంటే చక్రం కింద న్యూస్‌పేపర్ పరిచి రాత్రంతా వదిలేయండి. పొద్దునకి మరక లేకపోతే, ఇంటి ముందు ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నాలుగుసార్లు బ్రేకు వేసి చూసి అప్పుడు బయటికి తీయండి.