ఇంటి మగ్గం నుంచి వ్యాపారం – 3వ పాఠం: మీ తూము ఎక్కడుంది?

పోయిన పాఠంలో, ఇంట్లో ఎవరు ఏ పని ఎన్ని గంటలు చేస్తున్నారో పదిహేను రోజులు రాసి పెట్టమన్నాను. ఆ నోటుబుక్కు ముందు పెట్టుకోండి. ఈ పాఠమంతా దానితోనే.

చెరువు అలుగు పోస్తున్నా పొలానికి పారేది తూము పట్టినన్ని నీళ్లే. చిటికి నేతలో, అంటే నూలుకు ముందే కట్లు కట్టి రంగులద్ది నేసే పనిలో, ఆ తూము ఎక్కడుందో, అంటే ఏ పని దగ్గర మిగతా పనంతా ఆగుతుందో, చూసుకోకుండానే మనం మగ్గాలు పెంచుతాం. ఆర్డర్లు వస్తే కంటికి ఆనేది మగ్గమే కదా. పోచంపల్లి వైపు మా ఇంట్లోనూ అదే జరిగింది. నాలుగు మగ్గాలుండగా పెళ్లిళ్ల సీజన్ ముందు ఇంకో రెండు పెట్టాం. నూలు దొరికింది, నేసేవాళ్లు దొరికారు, అడ్వాన్సులు కూడా వచ్చాయి.

రెండో నెలలో ఒక పొద్దున మా అత్తమ్మ తల దువ్వుకుంటుంటే దువ్వెన జారి పడింది. వంగి తీసుకుంది, మళ్లీ జారింది. కుడి చెయ్యి భుజం దాటి లేవడం లేదు. "జర కొప్పు ముడువు బిడ్డా" అంది. ముడుస్తుంటే నాకు తట్టింది, ఆరు మగ్గాలకూ ఆసు పోసేది, అంటే చిటికి కట్టే ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పి వరుసగా పోసేది, ఆమె ఒక్కతే.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఆసు చేత్తో పోస్తే చీరకు నాలుగైదు గంటలు, చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. మాకు మగ్గానికి నెలకు ఆరు చీరలు దిగుతాయి. నాలుగు మగ్గాలకు 24 చీరలు. చీరకు నాలుగున్నర గంటల చొప్పున 108 గంటలు, 25 రోజులకు పంచితే రోజుకు నాలుగు గంటల పైచిలుకు. అదే ఆరు మగ్గాలైతే 36 చీరలు, 162 గంటలు, రోజుకు ఆరున్నర గంటలు. వంట, పిల్లలు, కండెలు చుట్టడం దీనికి అదనం. ఈ నాలుగు వరుసలు ముందే కాగితం మీద రాసి ఉంటే ఆ రెండు మగ్గాలు అప్పుడు పెట్టేవాళ్లం కాదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మీరూ ఇలాగే చేయండి. ఆసు, చిటికి కట్టడం, అద్దకం, నేత, ఒక్కో పనికి చీరకు ఎన్ని గంటలో రాయండి. ఆ పని చేసే మనిషి ఒళ్లు నొప్పి లేకుండా రోజుకు ఎన్ని గంటలు చేయగలరో ఆ మనిషినే అడగండి, మీరు ఊహించి రాయొద్దు. ఆ గంటలను 25తో హెచ్చించి, చీరకు పట్టే గంటలతో భాగిస్తే నెలకు ఎన్ని చీరలో తేలుతుంది. అన్నింటిలో చిన్న అంకె ఎక్కడ వస్తే అదే మీ తూము. వానాకాలం గుంట మగ్గంలో చెమ్మ చేరుతుంది, అద్దిన నూలు తొందరగా ఆరదు, కాబట్టి ఆ నెలల్లో నాలుగైదు చీరలు తగ్గించుకోండి.

తూమును పెద్దది చేయొచ్చు. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేకనే 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. దానికి ఆమె పేరే పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. మగ్గానికి పెట్టే డబ్బు ముందు అలాంటి యంత్రానికి పెట్టండి, లేదా కూలి ఇచ్చి ఆసు బయట పోయించండి. ఆసు తేలికైతే తూము చిటికి కట్టే దగ్గరికి జరుగుతుంది. అందుకని కొత్త మగ్గం పెట్టే ముందు లెక్క మళ్లీ మొదటి నుంచి వేయాలి.

ఇక ఆ అంకె దాటి ఆర్డర్ వచ్చినప్పుడు కాదనడానికి నోరు రాదు. నేను షాపువాళ్లతో ఇలా అంటాను: "అన్నా, ఈ నెల నిండిపోయింది. వచ్చే నెల పదో తారీఖుకు ఇస్తా, మీ పేరు రాసుకోమంటారా?" ఎక్కువమంది రాసుకోమనే అన్నారు. ఒకరిద్దరు వేరే ఇంటికి పోయారు, పోనిచ్చాను.

ఇంటి పని: ఆదివారం లోపు లెక్క పూర్తి చేసి, ఆ చిన్న అంకెను ఒక అట్ట మీద రాసి ఫోన్ పెట్టే చోట గోడకు అంటించండి. రాసేది మీరు కాదు, ఆసు పోసేవాళ్ల చేత రాయించండి. వచ్చే పాఠంలో ఆ అంకెను బట్టి చీర ధర, అడ్వాన్సు ఎలా కట్టాలో చూద్దాం.