సాయంత్రం ఐదున్నర: చిరుతిండి మీదకి మనసు పోయే వేళ, బీరపువ్వు విచ్చే వేళ

నాది రోజంతా ఫోన్లో ఫిర్యాదులు వినే ఉద్యోగం. హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టేసరికి సాయంత్రం ఐదు దాటుతుంది. చెవుల్లో ఎవరి కోపమో ఇంకా మోగుతూనే ఉంటుంది. రెండేళ్ల కిందటి వేసవిలో, హెడ్‌సెట్ తీసిన చెయ్యి నేరుగా బిస్కెట్ల డబ్బా మీదకే వెళ్లేది. నిలబడే తినేదాన్ని. సగం ప్యాకెట్ అయిపోయాక గానీ తింటున్న సంగతి తెలిసేది కాదు. అదే వేసవిలో నా బాల్కనీలో పదకొండు కుండీలుంటే ఏడింటిలో మొక్కలు చచ్చిపోయాయి. రెండు చోట్లా నేను చేసిన తప్పు ఒకటేనని అర్థం కావడానికి ఇంకో ఏడాది పట్టింది.

ముందు మొక్కల సంగతి చెప్తాను. మధ్యాహ్నం రెండు గంటలకు చూస్తే వంగ ఆకులు, బీర ఆకులు వాడిపోయి వేలాడుతుండేవి. పాపం దాహమేస్తోందనుకుని మగ్గుతో నీళ్లు పోసేదాన్ని. మర్నాడూ అంతే. పది పన్నెండు రోజులకు ఆకులు పసుపుపచ్చగా మారి రాలడం మొదలైంది. ఒక కుండీ బోర్లించి చూస్తే వేళ్లు గోధుమరంగుకి తిరిగి, పట్టుకుంటే పైతోలు ఊడొచ్చేంత మెత్తబడి, కుళ్లు వాసన కొట్టాయి. అమ్మకి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాను. ఆవిడ ఒక్కటే అడిగింది: "నీళ్లు పోసే ముందు మట్టిలో వేలు పెట్టి చూశావా?"

చూడలేదు.

ఎండ మండిపోతున్నప్పుడు ఆకుల్లోంచి ఆవిరైపోయినంత వేగంగా వేళ్లు నీటిని పైకి పంపలేవు. అందుకే కింద మట్టి తడిగానే ఉన్నా ఆకు వాలిపోతుంది, పొద్దు వాలాక తనంతట తనే లేస్తుంది. దానికప్పుడు కావలసింది నీడ. తడి మట్టిలోనే మళ్లీ మళ్లీ నీళ్లు పోస్తే వేళ్లకు గాలి ఆడదు, కుళ్లిపోతాయి. ఇప్పుడు చూపుడువేలు రెండు కణుపుల దాకా మట్టిలోకి దించి చూస్తాను. వేలికి తడి మట్టి అంటుకుంటే నీళ్లు పోయను. పొడిగా ఉంటే, కుండీ అడుగు కన్నంలోంచి బయటికి వచ్చేదాకా నెమ్మదిగా పోస్తాను. పొద్దున్నే కూడా ఆకులు వాలి ఉన్నాయంటే మాత్రం వెంటనే మట్టి చూడాలి. పొడిగా ఉంటే దాహం, తడిగా ఉంటే వేళ్ల జబ్బు.

సాయంత్రం పూట నేను కూడా అలా వాలిపోయే ఉండేదాన్ని. ఆకలో కాదో చూసుకోకుండా పోసేసేదాన్ని.

వేలు పెట్టి చూడటం, కడుపు విషయంలో

మూడు ప్రశ్నలు వేసుకుంటాను. చివరగా ఎప్పుడు తిన్నాను? నాలుగైదు గంటలు దాటితే అది ఆకలే, వాయిదా వెయ్యక్కర్లేదు, కూర్చుని కడుపు నిండేది తినాలి. ఎదురుగా ఉడకబెట్టిన గుడ్డో, ఉత్త పప్పన్నమో పెడితే తింటానా? తింటానంటే ఆకలి. ఆ బిస్కెట్టే, ఆ చిప్సే కావాలనిపిస్తే యావ. ఇది మెల్లగా పెరుగుతూ వచ్చిందా, ఉన్నట్టుండి వచ్చిందా? చివరి కాల్‌లో ఎవరో అరిచిన ఐదు నిమిషాలకే వచ్చిందంటే అది కడుపులోంచి వచ్చినది కాదు.

దీని వెనకాల ఒంట్లో జరిగేది తెలిస్తే మనల్ని మనం తిట్టుకోవడం తగ్గుతుంది. అప్పటికప్పుడు వచ్చే భయానికి ఆకలి చచ్చిపోతుంది. కానీ టెన్షన్ రోజుల తరబడి సాగితే అడ్రినల్ గ్రంథుల నుంచి కార్టిసాల్ అనే హార్మోన్ ఎక్కువగా వస్తూ ఉంటుంది. అది తిండి మీద ధ్యాస పెంచుతుంది. అందులోనూ తీపి, నూనె ఉన్నవాటి మీదకే మనసు పోతుంది. వేసవిలో దీనికి ఇంకో రెండు తోడవుతాయి. ఉక్కపోతకు రాత్రి నిద్ర సరిగ్గా పట్టదు, నిద్ర తక్కువైన మర్నాడు ఆకలి ఎక్కువేస్తుంది. వేడికి మధ్యాహ్నం అన్నం సయించక రెండు ముద్దలతో లేచిపోతాం, అది సాయంత్రం వడ్డీతో సహా బయటపడుతుంది. నా విషయంలో పెద్ద కారణం ఇదే. అందుకే వేసవిలో మధ్యాహ్న భోజనం ఒంటిగంటకే పెట్టుకున్నాను. అన్నం కాస్త తగ్గినా పప్పు, గుడ్డు, పెరుగు వీటిలో ఏదో ఒకటి తప్పనిసరి. ఈ ఒక్క మార్పుతోనే సాయంత్రపు యావ సగానికి సగం తగ్గింది.

మిగిలిన సగానికి తోట కావలసి వచ్చింది.

యావ కెరటం లాంటిది. లేస్తుంది, ఎత్తుకి వెళ్తుంది, విరుగుతుంది. మత్తు అలవాట్ల నుంచి బయటపడేవాళ్లతో పనిచేసిన అమెరికన్ సైకాలజిస్ట్ అలన్ మార్లాట్ నేర్పిన పద్ధతి కూడా ఇదే: దానితో పోట్లాడకుండా, లొంగకుండా, కెరటం మీద తేలినట్టు అది దిగేదాకా గమనిస్తూ ఉండటం. నాకైతే పదిహేను ఇరవై నిమిషాల్లో దిగిపోతుంది. అయితే కుర్చీలో కూర్చుని ఇరవై నిమిషాలు గమనించడం నా వల్ల కాలేదు. చేతులకి పని కావాలి. ఆ చేతులు మట్టిలో ఉంటే డబ్బా మూత తియ్యలేవు.

2011లో నెదర్లాండ్స్‌లో ఒక ప్రయోగం చేశారు. 30 మందికి ముందు ఒత్తిడి కలిగించే పని ఇచ్చి, తర్వాత కొందరిని అరగంట తోటపనికి పంపారు, కొందరిని లోపల కూర్చుని చదువుకోమన్నారు. కార్టిసాల్ రెండు గుంపుల్లోనూ తగ్గింది, తోటపని చేసినవాళ్లలో ఎక్కువ తగ్గింది. చిన్న ప్రయోగమే. కానీ నా బాల్కనీలో నేను రోజూ చూస్తున్నదానికి సరిపోయింది కాబట్టి చెప్తున్నాను.

ఆ అరగంట ఎలా గడుస్తుందంటే

హెడ్‌సెట్ తీయగానే పెద్ద గ్లాసు నీళ్లు తాగుతాను. ఫోన్ గదిలోనే ఉంచేస్తాను, ఇది ముఖ్యం. వంటింటి మీదుగా కాకుండా నేరుగా బాల్కనీలోకి వెళ్తాను. మీ ఇంట్లో దారి వంటింట్లోంచే అయితే డబ్బాలు కళ్లబడకుండా అల్మరాలోకి మార్చండి. కళ్ల ముందు లేనిదాని మీద యావ తక్కువ.

మొదటి ఐదు నిమిషాలు వేలు పరీక్ష. కుండీ కుండీకీ. ఒక్కో కుండీ దగ్గర ఊపిరి నాలుగు లెక్కపెట్టేంత సేపు పీల్చి, ఆరు లెక్కపెట్టేంత సేపు వదులుతాను. వదలడం ఎక్కువసేపు ఉంటే గుండె దడ నెమ్మదిస్తుంది. నాలుగో కుండీ దగ్గరికి వచ్చేసరికి భుజాలు కిందికి దిగినట్టు తెలుస్తుంది.

తర్వాత బీరపాదు దగ్గర కూర్చుంటాను. కాకర, కీర పూలు పొద్దున విచ్చుకుంటాయి. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. నా యావ లేచే వేళకే బీరపువ్వు రేకులు విప్పడం మొదలుపెడుతుంది. మూడో అంతస్తు బాల్కనీకి ఆ వేళ తుమ్మెదలు పెద్దగా రావు. కాబట్టి పరాగ సంపర్కం మనమే చెయ్యాలి.

మగపూలు గుత్తిగా వస్తాయి, సన్నటి కాడ మీద. ఆడపువ్వు ఒంటరిగా వస్తుంది, దాని వెనకాల అప్పుడే గాట్లు కనిపిస్తూ వేలెడు కూడా లేని పిందె ఉంటుంది. పాదు మొదట మగపూలే వేస్తుంది. అవి రాలిపోతుంటే కంగారు పడకండి, వారం పది రోజులు ఆగితే ఆడపూలు కనిపిస్తాయి. అప్పుడే విచ్చిన మగపువ్వుని కాడతో తెంపి, ఐదు పసుపు రేకులూ ఒక్కొక్కటే వెనక్కి వలిచెయ్యాలి. మధ్యలో పుప్పొడి నిండిన కేసరాలు మిగులుతాయి. గోరు మీద రాస్తే పసుపు పొడి అంటుకుంటే పుప్పొడి సిద్ధంగా ఉన్నట్టు. దాన్ని ఆడపువ్వు మధ్యలో ఉన్న కీలాగ్రానికి, కుంకుమబొట్టు పెట్టినంత మెల్లగా, అన్ని వైపులా తాకించాలి. ఒక్క ఆడపువ్వుకి రెండు మగపూలు వాడితే పిందె నిలిచే అవకాశం ఎక్కువ. ఈ పని చేస్తున్నప్పుడు వేరే ఏదీ ఆలోచించలేం, చెయ్యి వణికితే పిందె గీరుకుపోతుంది. పని అయ్యేసరికి ఎప్పుడూ ఆరు దాటుతుంది. బిస్కెట్లు గుర్తొచ్చినా పేరుకే గుర్తొస్తాయి.

ఏం వెయ్యాలి, ఏం వెయ్యకూడదు

మొదటిసారి వేసేవాళ్లు టమాటాతో మొదలుపెట్టకండి. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పుప్పొడి దెబ్బతిని పూత రాలిపోతుంది. నిలిచిన కాయలూ 30 డిగ్రీలు పైబడితే ఎరుపెక్కకుండా నారింజ పసుపులో ఆగిపోతాయి. మనసు బాగోలేని రోజుల్లో రాలిన పూత ఏరుకోవడం మంచిది కాదు.

తోటకూరతో మొదలుపెట్టండి. ఎండని బాగా వాడుకోగల మొక్క అది. విత్తిన నాలుగైదు రోజుల్లో మొలుస్తుంది, నెల లోపే కోతకి వస్తుంది. వేళ్లతో పీకకుండా కత్తిరిస్తే మళ్లీ చిగురిస్తుంది. అది పెరుగుతుండగా పన్నెండంగుళాల కుండీల్లో బెండ, గోరుచిక్కుడు వెయ్యండి. బెండపువ్వు ఒక్కరోజే ఉంటుంది, పువ్వు విచ్చిన నాలుగైదు రోజులకే కాయ కోసెయ్యాలి, లేకపోతే పీచు పడుతుంది. కాబట్టి రోజూ చూడక తప్పదు. ఆ తప్పనిసరే మనకి కావలసింది. బీరకి మాత్రం పద్దెనిమిది అంగుళాల కుండీ, పాకడానికి తాళ్లు ఉండాలి.

మట్టి, పశువుల ఎరువు లేదా కంపోస్టు, కొబ్బరిపొట్టు సమపాళ్లలో కలపండి. కుండీలు వేడెక్కిన నేల మీద నేరుగా పెట్టకుండా ఇటుక ముక్కల మీద ఎత్తండి, పక్కపక్కన చేర్చండి. పడమటి వైపు కుండీలకి గోనెసంచి చుట్టండి. మట్టి మీద ఎండుటాకులు రెండంగుళాల మందాన పరచండి, కాండానికి తగలకుండా కాస్త ఎడం వదలండి. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడే చోట 50 శాతం నీడనిచ్చే షేడ్ నెట్ కట్టండి. నీళ్లకి పొద్దున్నే మంచి సమయం, సాయంత్రం అవసరమైన కుండీకే. ఎండలు ముదిరినప్పుడు ఎరువులు ఎక్కువ వెయ్యకండి, వాడి ఉన్న మొక్క వాటిని తీసుకోలేదు.

కీర వేస్తే ఒక మాట. ఒకరోజు ఎండబెట్టి ఒకరోజు ముంచేస్తే కాయ చేదెక్కుతుంది. మొక్క ఒత్తిడి పడినప్పుడు కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థం పెరుగుతుంది. తడి ఒకేలా ఉంచితే మంచి కాయ వస్తుంది.

వేడిగా, పొడిగా ఉంటే ఎర్రనల్లి పడుతుంది. ఆకు పైన సన్నటి తెల్లచుక్కలు, అడుగున సాలెగూడు లాంటి దారాలు దాని గుర్తు. పొద్దున్నే ఆకుల అడుగున నీళ్లు గట్టిగా కొట్టండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల లిక్విడ్ సోప్ కలిపి ఎండ లేనప్పుడు చల్లండి. విచ్చిన పూల మీద పడనివ్వకండి.

ఎండ ఎక్కువగా ఉన్న రోజు పదకొండు నుంచి నాలుగు దాకా తోట జోలికి వెళ్లకండి. చేతికి గాయాలుంటే గ్లవ్స్ వేసుకోండి, టెటనస్ ఇంజెక్షన్ తీసుకుని పదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోండి.

అప్పటికీ తినాలనిపిస్తే

తినండి. నేనూ తింటాను, వారంలో రెండు మూడు సార్లు. చేతులు కడుక్కుని, గిన్నెలో నాలుగు బిస్కెట్లు పెట్టుకుని, డబ్బా మూసేసి, కూర్చుని తింటాను. పూర్తిగా మానేస్తానని పట్టుబట్టిన వారాల్లోనే నేను ఎక్కువ తిన్నాను, నా నోట్‌బుక్‌లో అంకెలు ఆ మాటే చెప్తున్నాయి.

షుగర్‌కి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఒళ్లు వణకడం, చెమటలు పట్టడం, దడతో పాటు ఆకలేస్తే అది యావ అనుకుని ఇరవై నిమిషాలు ఆగకూడదు. రక్తంలో చక్కెర 70 కంటే కిందికి పడిపోయి ఉండవచ్చు. మూడు నాలుగు చిన్న చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే తాగి, 15 నిమిషాలకి మళ్లీ పరీక్షించుకోవాలి. అలాగే ఆపుకోలేనంతగా తినేసి తర్వాత దాచుకోవడం, కుమిలిపోవడం తరచూ జరుగుతుంటే, లేదా దిగులు రెండు వారాలు దాటినా వదలకపోతే, డాక్టర్‌ని కలవండి. కుండీలు ఎక్కడికీ పోవు, వచ్చాక వేసుకోవచ్చు.

నోట్‌బుక్ అన్నాను కదా. ఎడమ పేజీలో యావ వచ్చిన సమయం, దానికి ముందు ఏం జరిగింది, ఏం తిన్నాను లేక తినలేదు. కుడి పేజీలో తోట. పరాగ సంపర్కం చేసిన ప్రతి బీరపువ్వు కాడకీ ఒక రంగు దారం ముడేసి, తేదీ కుడి పేజీలో రాసుకుంటాను. రెండు మూడు రోజుల్లో పిందె లావెక్కుతూ కిందికి వాలితే నిలిచినట్టు. పసుపు తిరిగి ముడుచుకుంటే లేనట్టు, మళ్లీ ఇంకో పువ్వు కోసం చూడాలి. నిలిచిన కాయ వారం పది రోజుల్లో కోతకొస్తుంది. గోరు గుచ్చితే సులువుగా దిగేటప్పుడే కోసెయ్యండి.