వేరుశనగ కుప్పలు ఎత్తే ముందు: పామును చూసి విషం లేదని తేల్చవద్దు

అనంతపురం జిల్లాలో వేరుశనగ పీకే పనులు మొదలైన కొద్ది రోజులకే, కుప్ప ఎత్తుతున్న ఒక కూలీ మహిళను పాము చేతివేలిపై కరిచింది. చుట్టూ ఉన్నవారు పామును చూసి, అది పిల్లికళ్ల పామేనని, ప్రాణానికి భయం లేదని చెప్పి, పసుపు అద్ది ఊరుకున్నారు. సాయంత్రం చిగుళ్ల నుంచి రక్తం కారడం మొదలయ్యాక గానీ ఆమె ఆసుపత్రికి చేరలేదు. ఆమె బతికింది. ఇదే పొరపాటుకు ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. బూట్లు, టార్చిలైటు సంగతి అందరికీ తెలిసినదే కనుక, ఈ ఒక్క పొరపాటు గురించే రాస్తున్నాను.

వారు చెప్పినదానిలో సగం నిజమే. ఇరాన్ నుంచి శ్రీలంక వరకు కనిపించే పిల్లికళ్ల పాముకు కోరలు పైదవడ వెనుక భాగంలో ఉంటాయి. దాని స్వల్ప విషం బల్లులు, తొండలు, చిన్న పిట్టల వంటి వాటిని లొంగదీయడానికే పనికివస్తుంది, మనిషికి సాధారణంగా కొద్దిపాటి వాపుతో సరిపోతుంది. పసరిక పాము కూడా ఈ కోవదే, అయితే పచ్చగా ఉంటుంది కనుక దానితో పొరపాటు తక్కువ. చిక్కంతా ప్రాణాలు తీసే విషమున్న ఇసుక పింజరితోనే వస్తుంది, దాన్ని చూసి పిల్లికళ్ల పాము అనుకుంటారు. రెండూ గోధుమరంగువే, రెండింటికీ వీపుపై లేత మచ్చలుంటాయి, రెండింటి కంటిపాపలూ నిలువు గీతల్లాగే ఉంటాయి, బెదిరిస్తే రెండూ చుట్టలు చుట్టుకుంటాయి. పింజరి పొట్టిగా, గరుకు పొలుసులతో ఉండి, చుట్టలను ఒకదానికొకటి రాసుకుంటూ కాగే నూనెలో నీటిచుక్క పడ్డట్టు చిటపట చప్పుడు చేస్తుంది. పిల్లికళ్ల పాము సన్నగా, పొడవుగా ఉంటుంది. అయితే కరిచి కుప్పలోకి జారుకునే పాము పొలుసులను ఎవరు చూస్తారు? అందుకే మళ్లీ చెబుతున్నాను: చూసి తేల్చవద్దు.

కుప్పలోకి నేరుగా చేతులు పెట్టకుండా, ముందు పొడవాటి కర్రతో కదిలించి, పంగలకర్రతో ఎత్తాలి. గట్టుమీద పేర్చిన రాళ్ల సందుల్లో, మోటారు షెడ్డులో స్టార్టరు పెట్టె వెనుక చేయి పెట్టవద్దు. బల్లుల కోసం పిల్లికళ్ల పాము, చల్లదనం కోసం పింజరి అక్కడికే చేరతాయి.

కరిస్తే ఉంగరాలు, గాజులు వెంటనే తీసివేయాలి, ఎందుకంటే వాపు వచ్చాక అవి బిగుసుకుపోతాయి. తాడు కట్టవద్దు. కోయవద్దు. నోటితో పీల్చవద్దు. పసరు మందు కోసం ఆగవద్దు. నడిపించవద్దు. పామును చంపి తేవాలని వెతకవద్దు, విషనాశక ఇంజెక్షను నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి నాలుగింటికీ ఒక్కటే. 108కు ఫోను చేయండి. విషం లేని పామే అని ఎవరు చెప్పినా ఆసుపత్రికే వెళ్లండి, ఆ మాట పాములు పట్టేవారు చెప్పినా సరే. అక్కడ రక్తాన్ని గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డకడుతుందో లేదో చూస్తారు. మొదటిసారి గడ్డకట్టిందని ఇంటికి తీసుకుపోవద్దు. పింజరి విషం గంటల తరువాత కూడా బయటపడవచ్చు కనుక, ఆ పరీక్షను మళ్లీ మళ్లీ చేసి డాక్టరు పంపించే వరకు అక్కడే ఉండండి.